చెరిపిన నోరు

మొదటి సంవత్సరమంతా శివరాంకు గీత తప్ప ఇంకో పని లేదు. ఆర్ట్ కాలేజీలో రంగులు ముట్టుకోనిచ్చేవారు కాదు. గీత రానివాడి చేతికి రంగులిస్తే గోడకు సున్నమేసినట్టే ఉంటుందని డ్రాయింగు నేర్పే శంకర్రావు సారు అనేవాడు. ఆ మాట శివరాంకు సూటిగా తగిలేది. కామాటిపురాలో వాళ్ళ తాత చేసింది సున్నాల పనే. నాయన పరంజా మీంచి పడి ప్రాణం పోగొట్టుకుందీ ఆ పనిలోనే. వర్లిలో మిల్లులు మూతపడ్డ ఏడాది అది, వేరే కొలువు దొరకడం గగనం. డ్రాయింగు పరీక్ష తప్పితే తనకూ ఆ పరంజాయే గతి.

చివరి పరీక్షకు ఆసుపత్రి శవాల గదిలో కూచోబెట్టారు. నా అనేవాళ్ళు రాని ఒక ఆడమనిషి శవం. ముఖం గీసి, మిగిలింది ఇంట్లో పూర్తిచేసి, తెల్లారి తెమ్మన్నారు. కళ్ళొచ్చాయి, ముక్కొచ్చింది. నోరు రాలేదు. కింది పెదవి ఒక పక్కకు జారి, శవం కుళ్ళకుండా పోసిన మందునీళ్ళకు ఉబ్బి, నానబెట్టిన తోలులా ఉంది. గీసిందల్లా చెరిపాడు. బొగ్గు గీత చెరపడానికి పావ్ రొట్టె లోపలి మెత్తటి ముద్ద వాడతారు. ఆ పెదవిని తడిమి చూసిన వేళ్ళతోనే రొట్టె పిసికి, కాగితం మీది నోటిని అద్ది అద్ది తీశాడు. నల్లగా, జిడ్డుగా, కంపు కొట్టే ఉండలు మిగిలాయి. పారేసే చోటు కనబడక సంచీలో వేసుకున్నాడు.

సాయంత్రం తాముండే ఒంటిగది ఇళ్ళ చాల్‌కు వచ్చేసరికి వాన. గల్లీలో మురుగు గటర్ పొంగి, చచ్చిన ఎలుకలు గడపదాకా తేలొచ్చాయి. కరెంటు లేదు. నాయన తల్లి, తనను పెంచిన బాపమ్మ రాజవ్వకు అతను శవాల సంగతి చెప్పలేదు. చెబితే ఆ మైలతో లోపలికి రానిస్తుందా? పూలు గీస్తున్నానని నమ్మించాడు. సంచీ పడేసి, గది మూల నీళ్ళు పోయే మోరీ దగ్గర చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆమె చాయ్ ముందర కూచుని ఏదో నములుతోంది.

“ఏం తింటున్నవ్ బాపమ్మా?”

“నీ సంచిల పావ్ ఉండె బిడ్డా. మాడింది. చాయ్‌ల అద్దుకున్న. పారేస్తరా ఎవలన్న?”

శివరాం సంచీ తడిమాడు, ఉండలు లేవు. మోరీలోకి వంగి ఉన్నదంతా కక్కాడు. మెతుకు నేలపడితే కళ్ళకద్దుకునే మనిషికి, నువ్వు తిన్నది ఇదని ఏ నోటితో చెప్పాలి?

ఆమెకు పొలమారింది. పళ్ళ సందులో ఏదో ఇరుక్కుందని వేలు పెట్టి లాగింది. వెంట్రుక. తడిగా, నల్లగా... లాగిన కొద్దీ వచ్చింది. రాజవ్వ తలలో నల్ల వెంట్రుక కనబడి ఏళ్ళయింది. ఒళ్ళో కుప్ప పడేదాకా లాగి, మూతి తుడుచుకుంది.

కందిలి వెలుగు ఆమె ముఖం మీద పడింది. కింది పెదవి పక్కకు జారింది... ఉబ్బింది. గదినిండా మందునీళ్ళ కంపు.

“కదల్ను,” అంది గుసగుసగా. ఆ గొంతు బాపమ్మది కాదు. “గీస్కో.”

పరుగెత్తాల్సింది. కేకేస్తే పక్కింటివాళ్ళు వచ్చేవారు. కానీ తెల్లారితే కాగితం ఇవ్వాలి. థూ, ఏం మనిషి! బొగ్గు తీశాడు. పొద్దుట్నుంచి రాని నోరు చకచకా వచ్చేసింది. పెదవి మీది తడి కూడా వచ్చింది. మురిసిపోతూ తలెత్తాడు.

రాజవ్వకు నోరు లేదు.

ముక్కు కింద చర్మం గడ్డందాకా నున్నగా ఉంది. కళ్ళు మాత్రం బాపమ్మవే. నీళ్ళు కారుతున్నాయి. వేళ్ళు నోటికోసం ముఖమంతా తడుముకుంటున్నాయి.

పరీక్ష గంగలో కలవనీ, చెరిపేస్తే తిరిగొస్తుందేమో. డబ్బాలోంచి కొత్త పావ్ తుంచి, కాగితం దగ్గరికి తెచ్చాడు. ఇంకా ఆనలేదు...

కాగితం మీద పెదవులు విచ్చుకున్నాయి. వేళ్ళకు చల్లటి నాలుక తగిలింది. చేయి లాక్కుని చూస్తే తునకలో సగం లేదు.

ఎదుట, బాపమ్మ గొంతులో గుటక పడింది. ఆమె చేయి చాచి, ఇంకా పెట్టమని సైగ చేసింది.