ఆంప్లిఫయర్ మంచిగనే ఉంది

"ప్లగ్గు తియ్యుండ్రి మేడం. ముందు ప్లగ్గు తియ్యుండ్రి."

అంటూనే సుదర్శన్ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తనే వచ్చి ప్లగ్గు లాగేశాడు. సౌమ్య అలాగే నిలబడి చూసింది. గూడ్సు బండి డ్యూటీ దిగి, ఇంటికెళ్లి, నాన్న ఆంప్లిఫయర్‌ను ఆటోలో వేసుకొని కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తాలోని అతని రిపేరు షాపు దాకా వచ్చింది. షాపులో ఎవరూ కనపడలేదు. అసలు పనిచేస్తోందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టి స్విచ్చు వేయబోయింది.

"ఎనుక స్పీకర్ల వైర్లు ఊడి ఉన్నయి. స్పీకర్ లేకుంట వాల్వుల సెట్టు ఆన్ చేస్తే లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. అది మల్ల దొరుకది."

"గా ముచ్చట బోర్డు మీద రాసి పెట్టుకోవాలె," అంది సౌమ్య. పోట్లాడే ఓపిక లేక, మామూలు గొంతుతోనే అంది.

సుదర్శన్ ఆమె ఎర్రబడిన కళ్లు చూసి కుర్చీ జరిపాడు. అతను వెనక పలక మరలు విప్పేలోపే ఆమె కూర్చున్నచోటే నిద్రపోయింది. లేచి చూసేసరికి టేబుల్ ఫ్యాను తన వైపు తిప్పి ఉంది.

సౌమ్య అసిస్టెంట్ లోకో పైలట్. డ్రైవర్ పక్క సీటులో కూర్చొని సిగ్నళ్లు చెబుతుంది, హారన్ కొడుతుంది. ఇంట్లో ఆమె, నాన్న సారంగపాణి, ఇద్దరే. ఆయన రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. ఉద్యోగం రోజుల్లో రైల్వే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఈ ఆంప్లిఫయర్ కాజీపేట వదిలి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ ఆయన చేతిలో పెట్టిపోయినది. ఏడాదిగా అది గరగరమంటోందని ఆయన గిటారు పక్కన పెట్టేశాడు. మాటలు తగ్గించాడు. అడిగినదానికి సగం జవాబే చెబుతాడు. ఇది బాగైతే ఆయనా బాగవుతాడని సౌమ్య ఆశ.

స్పీకర్ల కాగితం ఎండిపోయి అప్పడంలా పెళుసయిందని, అంచుల దగ్గర చిరిగిందని సుదర్శన్ చూపించాడు. అతికిస్తే నిలవదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోయే ఓమ్స్‌లో, అదే సైజువి కొత్తవి రెండు తెప్పించి వేస్తానన్నాడు.

వేశాడు. తనే ఇంటికి తెచ్చి గదిలో పెట్టాడు. సారంగపాణి గిటారు ఒళ్లోకి తీసుకొని కాసేపు వాయించి ఆపేశాడు. సన్న తీగ మూగబోయింది, మెరుపు లేదు అన్నాడు. సుదర్శన్ ఆయన వైపు, ఆంప్లిఫయర్ వైపు చూసి, తప్పు తనదేనని, జర సరిచేసి తెస్తానని తీసుకుపోయాడు.

తెచ్చాడు. మళ్లీ అదే మాట. మళ్లీ తీసుకుపోయాడు. కొత్త స్పీకర్లు బిగుసుకొని ఉంటాయి, వాయించగా వాయించగా వదులవుతాయి అని ఒకసారి, వైరు మారుస్తానని ఇంకోసారి చెప్పాడు. వానాకాలం మొదలైంది. ఆంప్లిఫయర్ మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, తాను తడిసి వచ్చేవాడు.

పెళ్లిళ్లకు సౌండ్ సెట్లు కూడా అతనే పెడతాడు. అందుకని అతని కళ్లు కూడా ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. సౌమ్య డ్యూటీ దిగి వచ్చేసరికి ఒక్కోసారి వరండాలో కూర్చొని టీ తాగుతూ కనపడేవాడు. మీ డ్యూటీ ఎప్పుడు దిగుతదో ఎట్ల తెలుస్తది అని ఒకరోజు అడిగితే, బండినడగాలె అంది. అడుగుదామంటే మీ బండి సిగ్నల్ కాడ ఆగి నా లెక్కనే ఆవులిస్తాందన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత, ఇతను పని సరిగా చేయడు, మరి వచ్చినప్పుడు ఇల్లెందుకు బాగుంటుంది అని తన మీద తనకే చిరాకేసింది.

ఒక మధ్యాహ్నం వాన పడుతుంటే ఆమెకు నిద్ర పట్టలేదు. నాన్న పట్టాలు దాటి స్టేషన్ వైపు దోస్తుల దగ్గరికి వెళ్లాడు. ఆమె గిటారు తీసి, సుదర్శన్ మొన్ననే తిరిగి తెచ్చిన ఆంప్లిఫయర్‌కు తగిలించింది. చిన్నప్పుడు నాన్న నేర్పిన నాలుగు ముక్కలు వాయించింది. సన్న తీగ గాజుమీద గీటినట్టు ఖంగుమంది. మళ్లీ మీటింది. గదంతా మోగింది. ఏ లోపమూ లేదు.

కోపం వచ్చింది. కోపంతోపాటు ఇంకేదో కూడా వచ్చింది. గొడుగు తీసుకొని నేరుగా షాపుకు వెళ్లింది.

"ఆంప్లిఫయర్ మంచిగనే ఉంది. కొత్త స్పీకర్లు ఏసిన రోజు నుంచే మంచిగుంది. అవునా, కాదా?"

సుదర్శన్ సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టాడు. "అవును."

"మరి ఎందుకు వస్తాన్నరు? నా కోసమా?"

"సగం."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. "మిగిలిన సగం?"

అతను తలవంచుకున్నాడు. "సార్‌కు సన్నటి శబ్దాలు వినపడ్తలేవు మేడం. మొదటి రోజే సమజైంది. అంత మంచిగ వాయించేటాయన మొఖం మీద నీకు చెవులు పోయినయని ఎట్ల చెప్పాలె? స్పీకర్ల మీద పెట్టిన."

నాన్న టీవీ ఎందుకంత గట్టిగా పెడుతున్నాడో, సగం జవాబులెందుకో సౌమ్యకు ఇప్పుడు అర్థమైంది.

"బాపు రోజు పట్టాలు దాటుతడు," అంది. "హారన్ కొట్టినా తల తిప్పనోళ్లను నేను ఇంజన్లకెల్లి చూస్తాన. బ్రేకు ఏసినా బండి ఆగది. వాళ్లే జరగాలె. జరగకుంటే మేం కండ్లు మూసుకోవాలె, అంతే."

సుదర్శన్ లేచి నిలబడ్డాడు. "ఆయన ఇజ్జత్ గురించే చూసిన. పానం గురించి సోంచాయించలే."

షట్టరు దించి, ఆమెను వెనక ఎక్కించుకొని బండి తీశాడు. వాన దంచుతోంది. నాన్న ఇంకా పట్టాల అవతలే ఉన్నాడేమో. ఇంటికి చేరేసరికి సారంగపాణి వరండాలో తడిసిన చెప్పులు విప్పుతున్నాడు. సౌమ్య ఆ చెప్పులు తీసుకొని గోడకు ఆనించింది.

తర్వాత ఆయన ఎదురుగా కూర్చొని, ఆంప్లిఫయర్‌లో ఏ లోపమూ లేదని, చెవుల డాక్టరు దగ్గరికి పోదామని నిదానంగా చెప్పింది. ఆయన కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"నాకు ఎరుకే బిడ్డా," అన్నాడు. "ఆంప్లిఫయర్‌దే తప్పయితే బాగు చేసుకోవచ్చు గద అనుకున్న. ఈ పిలగాడు ఒచ్చినప్పుడల్లా తప్పు నాదే నాదే అంటాంటే, నాకూ గట్లనే ఉండనియ్ అనిపిచ్చింది."

సుదర్శన్ తప్పయిందన్నాడు. నీదేం లేదు పో అన్నాడాయన.

హన్మకొండలో డాక్టరు పరీక్ష చేసి రెండు చెవులకూ మిషన్లు పెట్టాడు. మొదట్లో వాటితో ఆయనకు ప్రాణం విసిగిపోయింది. గిన్నెల చప్పుడు, వాన చప్పుడు, కాగితం మడత చప్పుడు, అన్నీ నెత్తిన పడినట్టుండేవి. తీసి పక్కన పడేసేవాడు. సౌమ్య డ్యూటీకి పోయేముందు పెట్టుకొమ్మని బతిమాలేది. ఆమె లేనప్పుడు సుదర్శన్ వచ్చి పెట్టించేవాడు. అవి లేకుండా గడప దాటనని, పట్టాల మీద నుంచి కాక బ్రిడ్జి మీద నుంచే పోతానని కూతురికి మాటిచ్చాడు.

ఒక ఆదివారం ఎవరూ అడక్కుండానే సారంగపాణి గిటారు తీశాడు. సుదర్శన్ అప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయన సన్న తీగ ఒక్కటే మీటి, మోత పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాడు. మళ్లీ మీటాడు. కళ్లు తుడుచుకొని, "మొదటి రోజే మంచిగ చేసినవ్ సుదర్శన్," అని వాయించడంలో పడిపోయాడు.

సౌమ్య వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుంది. ఒంటి మీద ఇంకా డ్యూటీ బట్టలే ఉన్నాయి. వెనకే సుదర్శన్ వచ్చాడు.

"పని అయిపోయింది. ఇగ నాకు రానీకి సాకు లేదు," అన్నాడు.

సౌమ్య అతని వైపు తిరిగింది. "నాకు పండుగలుండయి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలె. ఇంటికొస్తే పండుకుంట, లేస్తే మల్ల పోత. గిసోంటి మనిషితోని ఉండగలవా? మంచిగ సోంచాయించి చెప్పు."

ఆమె మొదటిసారి నువ్వు అనడం అతను గమనించాడు. "పెండ్లిళ్ల సీజన్ల నేనూ అంతే. ఎవలు మేలుకుంటే వాళ్లు టీ పెడుదాం. ఇద్దరం మేలుకున్ననాడు మాట్లాడుకుందాం."

"నేను టీ పెడితే మంచిగుండది."

"నేను తాగిన. ఎరుకే."

లోపల గిటారు ఆగి ఎంతసేపైందో ఇద్దరూ గమనించలేదు.

"సుదర్శన్," అని సారంగపాణి లోపలి నుంచి నెమ్మదిగా పిలిచాడు. "మీ అమ్మానాయినలను తోల్కరా. దానికి డ్యూటీ లేని రోజు చూసి."

సుదర్శన్ తడబడుతూ సరే సార్ అన్నాడు. సౌమ్యకు సిగ్గుపడే ఓపిక కూడా లేదు. నవ్వు మాత్రం వచ్చింది. ఆ నవ్వుతోనే వెళ్లి స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టింది.