పాత వెర్షన్ పువ్వులు

ఇంటిపని ముగించుకుని కోమల చాయ్ గ్లాసుతో ముందుగదిలోని కంప్యూటర్ దగ్గర కూర్చుంది. చొప్పదండిలో జాకెట్లకు మిషన్ ఎంబ్రాయిడరీ అంటే అందరూ ఆమె ఇంటికే వస్తారు. ఆ సాయంత్రానికి మమతారాణి టీచర్ జాకెట్ మీద తంగేడు పువ్వులు కుట్టివ్వాలి. తీరా చూస్తే తెరంతా మారిపోయి ఉంది. మిషన్ కుట్టడానికి తను గీసి దాచుకున్న పాత డిజైన్ నొక్కితే తెరుచుకోలేదు. ఇంకొకటి నొక్కింది. అదీ అంతే.

“ఏం చేసినవ్ గీ కంప్యూటర్‌ను?” అని లోపలికి కేకేసింది.

భర్త సంపత్ తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు. “కొత్త వెర్షన్ ఏపిచ్చిన. పాతదానికి కంపెనీ ఇగ సపోర్ట్ ఇయ్యదట. కొత్తదానికి ఏటేటా పైసలు కట్టాలె. కట్టేసిన. నువ్వు చూసి ఖుష్ అయితవని చెప్పలే.”

“మరి నా డిజైన్లు?”

సంపత్ నవ్వు సగంలో ఆగింది. సాఫ్ట్‌వేర్ అమ్మిన మనిషికి కరీంనగర్‌కు ఫోన్ చేశాడు. అంత పాత ఫైళ్లను కొత్తది చదవదనీ, పాతదాన్ని మళ్లీ ఎక్కించినా ఇక నడవదనీ అతను తాపీగా చెప్పి పెట్టేశాడు.

కోమల కాలుగాలిన పిల్లిలా ముందుగదికీ వంటింటికీ తిరిగింది. ఈ ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరిది. కళ్లు గుంజేదాకా గీసుకున్న ఆ పువ్వులే తనవి.

“ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతుండె?”

“నీ కోసమే కద చేసిన! పైసలు కట్టి తిట్లు గూడ నేనే పడాల్నా?”

“పైసలు నీవే, మిషన్ నీదే. గా పువ్వులు నావి! యాడికెళ్లి తెస్తవ్ గవి?”

గుమ్మంలో అత్త భూమవ్వ నిలబడి వింటోంది. కొత్త డిజైన్ గీసినప్పుడల్లా కోమల ముందు ఒక గుడ్డ పీలిక మీద కుట్టి చూసుకుని పారేసేది. “ఇల్లంత పీలికలే” అని భూమవ్వ పొద్దస్తమానం సణిగేది. ఇప్పుడేం అంటుందోనని కోమల ముఖం తిప్పుకుంది.

భూమవ్వ లోపలికెళ్లి, తన పెట్టె అడుగు నుంచి కుట్టు పూర్తికాని బొంత ఒకటి తెచ్చి మంచం మీద పరిచింది. బొంత నిండా ఆ పీలికలే. తంగేడు, గునుగు పువ్వులు, మామిడి పిందెలు, నెమళ్లు. నడుమ వంకర ముక్కు చిలుక.

“నీకే కుడుతున్న బిడ్డా. అయినంక ఇద్దామనుకున్న. గీ చిలుక నువ్వు మొదలు కుట్టింది. ఏడ్చుకుంట పారేసినవ్. నాకు మంచిగనిపిచ్చి ఎత్తిపెట్టిన.”

ఇన్నాళ్లూ ఆ సణుగుడు వెనక ఏముందో కోమలకు తెలియలేదు. మంచం మీద కూలబడి చిలుకను తడుముతూ వెక్కివెక్కి ఏడ్చింది.

“కుట్లు విప్పి ఇయ్యాల్నా? చూసి గీసుకుంటవా?”

“విప్పకు అత్తమ్మా. గిట్లనే చూసి గీసుకుంట.”

సంపత్ మెల్లగా దగ్గరికొచ్చాడు. “తప్పయింది కోమలా. నిన్ను అడిగి చేయాల్సుండె.”

“తల్లీకొడుకులు ఇద్దరిదీ ఒకటే బుద్ధి. ఏదీ చెప్పకుంటనే చేస్తరు,” అంది కోమల కళ్లు తుడుచుకుంటూ. “జర గీ బొంత ఎత్తి పట్టుకో, నాకు కనపడాలె.”

కొత్త సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ, తెర మీద బటన్లు వెతుక్కుంటూ మధ్యాహ్నానికి తంగేడు పువ్వు మళ్లీ గీసింది. దాచాలంటే పేరు పెట్టమంది కంప్యూటర్. కోమల టైప్ చేసింది. చదువు రాని భూమవ్వ తెరలోకి తొంగి చూసింది.

“ఏం రాసినవే?”

“నీ పేరు అత్తమ్మా. భూమవ్వ తంగేడు.”

“నా పేరు పెడితే ఎవలు కొంటరే, పిచ్చిదానా!” అంటూ భూమవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.