నీళ్లు కొట్టొద్దు!

పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు ముంగిస.

"ఏ పన్ను?" అన్నాడు తెల్లకోటు ముసలాయన.

"జ్ఞానదంతం."

"ఎప్పట్నుంచి నొప్పి?"

"ఇంకా రాలేదు. వస్తుందని ఆశ."

కోడ్ కలిసింది. ముసలాయన తలుపు గడియపెట్టి డ్రిల్లింగ్ మెషీన్ ఆన్ చేశాడు. ఆ రొదలో గోడలకు చెవులున్నా ఏమీ వినపడదు. ఇది గూఢచారుల రహస్య ఆఫీసు. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, ముంగిస కూడా మారుపేరే. ఇన్నేళ్లలో ఒక్కరి పన్నూ పీకలేదు. ఉద్యోగాలు మాత్రం చాలామందివి పీకాడు.

"కెమికల్ ఫ్యాక్టరీ సేఫ్టీ ఇంజనీరును నిన్న స్విమ్మింగ్ పూల్‌లో చంపేశారు. గజ ఈతగాడు. మోకాటి లోతు నీళ్లలో మునిగిపోయాడట!"

"ఎవరి పని?"

"నీలి గొడుగు."

ముంగిస చటుక్కున లేచి కూర్చున్నాడు. నీలి గొడుగు పరాయిదేశపు ముఠా. వాళ్లు వంతెన కూలిస్తే కాంట్రాక్టరు జైలుకు పోతాడు. రైలు పట్టాలు తప్పిస్తే డ్రైవరు ఉద్యోగం ఊడుతుంది. ఏం చేసినా అది ప్రమాదంలాగే కనిపిస్తుంది. తప్పు మనవాళ్ల నెత్తినే పడుతుంది.

"ఆ ఫ్యాక్టరీలో బాంబు పెట్టారని కబురు. అక్కడ ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవం ఉంటుంది," అన్నాడు పెద్దాయన. "కంప్యూటర్ చిప్పులకు కావలసిన సిలికాన్ దాన్నుంచే తీస్తారు. ఫ్యాక్టరీ పోతే మనం మళ్లీ పరాయివాళ్ల గుమ్మం ముందు చెయ్యి చాపాలి. చూడ్డానికి నీళ్లలా తేటగా ఉంటుంది గానీ నీళ్లంటేనే దానికి పడదు. తడి తగిలిందా, యాసిడ్ పొగ, హైడ్రోజన్ పుట్టుకొస్తాయి. ఒకటి ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది, రెండోది పేలుతుంది. కాస్త ఎండకే మరుగుతుంది. ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పాములా నేలమీద పాకుతుంది. ఎక్కడో నిప్పు దొరికితే మంటను వెంటబెట్టుకుని వెనక్కి వస్తుంది."

"మన అకౌంట్స్ హెడ్ లాగే ఉందే! బాంబు ఎక్కడ పెట్టారు?"

"సీతాకోక చెబుతుంది. ఆ ముఠాలో ఉంటూనే మనకు పనిచేస్తోంది. ఫ్యాక్టరీలో విదేశీ అతిథుల్ని చూసుకునే ఉద్యోగం. ఆవిడ మాట వేదం అనుకో."

ఆయన ఒక అట్టపెట్టె అందించాడు. అందులో గుబురు గడ్డం, మందపాటి కళ్లద్దాలు, ఒక నీలం చొక్కా.

"పై గుండీ మామూలు గుండీ కాదు. యాసిడ్ ఆవిరి తగిలితే ఎర్రబడుతుంది."

"ఎర్రబడితే?"

"పారిపో."

మర్నాడు బీమా సర్వేయర్ వేషంలో ఫ్యాక్టరీకి వెళ్లాడు ముంగిస. గేటు గదిలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అతని ఫోను తీసుకుని అరలో పెట్టింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి. చనిపోయిన ఇంజనీరు దగ్గర పని నేర్చుకున్న మనిషి.

"గడ్డం తీసేసి రండి."

"ఏమిటీ?"

"గడ్డం ఉంటే మాస్కు మొహానికి అతకదు. సందులోంచి విషం పోతుంది. మా సారు మంత్రిగారి చేత కూడా గీయించారు."

"నేను బీమా మనిషినమ్మా!"

"అయితే మీ మీద బీమా ఉందా?"

ముంగిస వెనక్కి తిరిగాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఒక్క లాగుతో డిపార్ట్‌మెంటు వారి గడ్డం ఊడబెరికాడు. అద్దంలో తన సొంత మొహమే వెక్కిరించింది.

బయటికి రాగానే ఆవిడ మాస్కు, చేతి తొడుగులు ఇచ్చి, పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టింది. "ట్యాంకరు మీద నారింజరంగు పలక ఉంటుంది. దానిమీద అంకెల ముందు ఎక్స్ అక్షరం ఉందంటే నీళ్లు దగ్గరికి రానివ్వకూడదు. సోడా పొడి కూడా చల్లకూడదు. మంటొస్తే యార్డు షెడ్డులోని బండితో మెత్తటి ఫోమ్ నురగ దుప్పటిలా కప్పి లీకు కట్టెయ్యాలి. మా సారు ఈ నాలుగు ముక్కలు నిద్రలో లేపి అడిగేవారు." ఆవిడ చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది. "ఆయన పోయారని రూల్సు పోవు."

కారిడార్‌లో సీతాకోక ఎదురొచ్చింది.

"గాలి ఎటు వీస్తోందండీ?" అంది కోడ్‌లో.

"మనం చెప్పినవైపే," అన్నాడు ముంగిస.

ఆమె దగ్గరికి జరిగింది. "బాంబు కంట్రోల్ రూమ్ ఏసీ గొట్టంలో ఉంది. పరుగెత్తు."

ఆమె రెండడుగులు దాటగానే ముంగిసకు ఏదో తేడా కొట్టింది. సెంటు వాసన లేదు. పట్టు బట్టల్లో, ఎత్తుమడమల చెప్పుల్లో తప్ప కనిపించని సీతాకోక ఇవాళ మందపాటి కాటన్ దుస్తుల్లో ఉంది. కాళ్లకు ఫ్యాక్టరీ బూట్లు.

గోడ ఫోను అందుకుని పెద్దాయనకు కలిపాడు. "సార్, బాంబు కంట్రోల్ రూమ్‌లో ఉందన్న సీతాకోక ఇవాళ కాటన్ దుస్తుల్లో, ఫ్యాక్టరీ బూట్లతో ఉంది. పట్టుబట్ట రాపిడికి రవ్వ పుడుతుంది. మండే ఆవిరి ఉండేచోటికి వెళ్లేవాళ్లే ఇలా తయారవుతారు. కంట్రోల్ రూమ్ కాదు, ట్యాంకర్ల సరుకు దించే అన్‌లోడింగ్ యార్డు."

"ఆవిడ మాట కాదని ఆవిడ బూట్ల మాట వింటావా? కంట్రోల్ రూమ్‌కి పో. ఇది ఆర్డర్!"

"ధిక్కరిస్తున్నాను. ఫైల్లో రాసుకోండి."

ఫోను పెట్టేశాడు.

యార్డులో ట్యాంకరు ఒంటరిగా నిలబడి ఉంది. సంతకం కావాలంటూ డ్రైవరును ఎవరో ఆఫీసులోకి పిలిపించారు. ట్యాంకరు ఒంట్లో పుట్టే కరెంటును నేలలోకి పంపే ఎర్త్ క్లిప్పు ఊడి వేలాడుతోంది. గొట్టం జాయింటు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోంది. నారింజ పలక మీద కొత్త రంగు తళతళలాడుతోంది. అంకెలున్నాయి, వాటి ముందు ఎక్స్ లేదు.

చొక్కా గుండీ ఎర్రగా కంది ఉంది.

ముంగిసకు అంతా అర్థమైంది. ఇక్కడ బాంబే లేదు. చిన్న మంట పెడతారు. ఫైరింజన్ వస్తుంది, పలక చూసి రంగుల్లో కలిపే మామూలు సాల్వెంట్ అనుకుని నీళ్లు కొడుతుంది. మిగతా పని ఆ నీళ్లే చేస్తాయి. గోడ అవతల ఇళ్లు, బడి, ఆస్పత్రి. తెల్లారితే పేపర్లో తప్పు ఫైర్ సిబ్బందిదే.

మాస్కు బిగించి క్లిప్పు అందుకోబోయాడు.

"ముట్టుకోకు!"

సీతాకోక. చేతిలో పిస్టల్.

ముంగిస నిలబడ్డాడు. తర్వాత మెల్లగా ఆమెవైపే నడిచాడు.

"పేల్చు."

"ఆగు అక్కడే!"

"ఆవిరి నీ బూట్ల చుట్టూ ఉంది. రవ్వ పడితే ఇద్దరం కలిసే పోతాం. బతికి వసూలు చేసుకోడానికి నీకు ముఠా డబ్బు బాకీ ఉందేమో, నాకేం లేదు. ఊఁ, పేల్చు!"

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుని, వదులైంది. వెనక్కి వెనక్కి అడుగులేసింది. గాలి వచ్చేవైపు, పసుపు గీత దాటి, కారిడార్ మెట్లెక్కింది. అప్పుడు నవ్వింది. జేబులోంచి లైటరు తీసి వెలిగించి నేలమీదికి విసిరింది.

మంట నేలను నాకుతూ పరుగెత్తుకొచ్చింది. ముంగిస పక్కకు దూకాడు. జాయింటు భగ్గుమంది, తెల్లటి పొగ లేచింది. సైరన్లు మోగాయి, పనివాళ్లు గేటువైపు పరుగెత్తారు.

అంతలోనే వెనక గేటు తోసుకుంటూ ఫైరింజన్ వచ్చేసింది. మంట పుట్టకముందే ఫోన్ చేసి ఉంచింది మహాతల్లి.

ఇంజన్ దిగిన ఫైర్ ఆఫీసరును చూసి ముంగిసకు పై ప్రాణాలు పైనే పోయాయి. సొంత బావ. అక్క మొగుడు.

"సాల్వెంట్ ట్యాంకరు సార్! వాడే నిప్పు పెట్టాడు, పట్టుకోండి!" అని అరిచింది సీతాకోక, సాల్వెంట్ అని రాసిన దొంగ రవాణా కాగితం ఊపుతూ.

బావ పలక చూశాడు, కాగితం చూశాడు. "పైపులు లాగండ్రా! నీళ్లు!"

ముంగిస పైపు ముందుకు ఉరికి, మాస్కు తీసి అడ్డంగా నిలబడ్డాడు. "నీళ్లు కొట్టొద్దు బావా!"

బావ నోరు తెరుచుకుంది. "ఒరేయ్ బామ్మర్దీ! బీమా ఆఫీసులో కునికిపాట్లు పడాల్సినవాడివి, ఇక్కడేం చేస్తున్నావ్? తప్పుకో!"

"తప్పుకోను. అది సాల్వెంట్ కాదు, ట్రైక్లోరోసిలేన్. నీళ్లు తగిలితే ఊరు మిగలదు."

"పలక మీద ఉందిగా!"

"పలక మార్చారు."

"పదిహేనేళ్లుగా చూస్తున్నా, నీ నోట్లోంచి ఒక్క నిజం రాలేదు. ఇవాళ నమ్మమంటావా?"

"నమ్మకు. చూడు."

ఒక ఫైర్‌మన్ మెడలోని తడి తువ్వాలు లాక్కున్నాడు ముంగిస. మంటకు దూరంగా పారిన చిన్న మడుగు మీదికి విసిరాడు. తువ్వాలు బుస్సుమంది. ఘాటైన తెల్లపొగ లేచింది. ముందు వరస సిబ్బంది దగ్గుతూ వెనక్కి తూలారు.

బావ కళ్లు ఆ తువ్వాలు మీద నిలిచిపోయాయి. పైపు పట్టుకున్నవాడి చెయ్యి అప్పటికే వాల్వ్ తిప్పుతోంది.

"ఆపరా!" అని ఆ చేతిని గట్టిగా పట్టేశాడు బావ. పైపు చివర నుంచి నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పు!"

"ఫ్యాక్టరీ ఫోమ్ బండి ఆ షెడ్డులో ఉంది. దుప్పటి కప్పినట్టు మెత్తగా కొట్టించు. నేను వాల్వ్ కట్టేస్తాను."

"నువ్వా?"

"నేనే. నువ్వు సరిగ్గా కప్పావో లేదో నేనొచ్చాక చెప్తా."

దూరం నుంచి వాల్వ్ మూసే తీగను ఎవరో కత్తిరించేశారు. మాస్కు పెట్టుకుని, ఫోమ్ చాటున వంగి ట్యాంకరు వెనక్కి పాకాడు ముంగిస. చక్రం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా తిప్పాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి, చనిపోయిన ఇంజనీరు తరఫున ముఠాను నోరారా తిడుతూ మళ్లీ తిప్పాడు. కిర్రుమంటూ కదిలింది. జాయింటు నుంచి జారిన చుక్కలు ముంజేతి మీద పడి చొక్కాను తినేశాయి. చక్రం మాత్రం వదల్లేదు. చివరి చుట్టు తిరిగింది. ధార ఆగింది. ఫోమ్ కింద మంట మూలిగి, తగ్గి, చచ్చిపోయింది.

సీతాకోక గేటుదాకా పరుగెత్తింది గానీ దాటలేకపోయింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ కాలరు పట్టుకుని నిలబెట్టింది.

"అందరి తలల లెక్క తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు. మా సారు రూలు," అంది. సీతాకోక పిస్టల్ అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. "ఆయన లెక్క కూడా ఇవాళే తేలుస్తాం."

కారిడార్‌లో గోడ ఫోను మోగుతూనే ఉంది. ఎవరో ఎత్తి ముంగిస చెవికి ఆనించారు.

"కంట్రోల్ రూమ్‌కి వెళ్లావా లేదా?" అరిచాడు పెద్దాయన.

"లేదు సార్. అందుకే ఫ్యాక్టరీ ఉంది."

అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు.

బావ అతన్ని ఎమర్జెన్సీ షవర్ కిందికి లాక్కెళ్లాడు. "చేతి మీద యాసిడ్. ఇప్పుడైనా నీళ్లు కొట్టనిస్తావా?"

"ఎంతసేపైనా కొట్టు బావా."

నీళ్లు జోరుగా పడ్డాయి. కందిన చేతిని పట్టుకుని బావ చాలాసేపు కడిగాడు. తలెత్తకుండానే అన్నాడు:

"బీమా కాదన్నమాట."

"కాదు."

"మరి మీ అక్కకి ఎవరు చెప్తారు?"

పిస్టల్‌కు ఎదురు నడిచిన ముంగిస షవర్ కింద ఇంకాస్త లోపలికి జరిగాడు.

"నువ్వే చెప్పు బావా. ఆ డ్యూటీకి నా దగ్గర ధైర్యం లేదు."