వెనక గేటు గజ్జెలు

మందు మాన్పించే ఆ హోములో వెనక గేటుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్తే గజ్జెల చప్పుడు వినిపిస్తుందట. ఆ తర్వాత ఎవరో మెల్లగా ‘వచ్చావా...’ అంటారట. ఆ మాట విన్నవాడు మర్నాడు ఓ పట్టాన మంచం దిగడు. ఏమైందని అడిగితే, ‘ఉంది బాబూ, దెయ్యం ఉంది. అటు పోకు’ అని లెంపలు వేసుకుంటాడు. చూసొచ్చినవాళ్ళే అంత గట్టిగా చెబుతుంటే చూడనివాళ్ళు నమ్మక చస్తారా!

కొత్తగా చేరిన మెకానిక్ మాత్రం నమ్మలేదు. లారీల కింద పడుకుని సగం జీవితం గడిపినవాడు, గజ్జెలకి జడిసే రకం కాదు. అతనికి ఇలాంటి చోట్లు కొత్త కూడా కాదు. ఇంతకుముందు చేరినచోట తాళాలుండేవి. తాళం ఉన్నన్నాళ్ళూ మానేవాడు, తాళం తీయగానే మళ్ళీ మొదలు.

“ఇక్కడ గేట్లకి తాళం వెయ్యరా సిస్టరమ్మా?” అని వచ్చిన రోజే అడిగాడు.

“తాళం వేస్తే మనిషి లోపల, మనసు బయట. ఎందుకొచ్చిన తిప్పలు!” అంది సిస్టరు, అతని నాడి చూస్తూ. అతను వాంతి చేసుకున్న దుప్పటి ఆవిడే మార్చింది. మొహం చిట్లించలేదు. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. అంత సిగ్గేసింది.

కొన్ని రోజులకి ఒక రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. తెల్లారితే కూతురు చూడ్డానికొస్తుంది. చేర్పించిన రోజు ఆ పిల్ల ఏడవలేదు. ‘ఈసారి మధ్యలో వచ్చేస్తే తలుపు తియ్యను నాన్నా’ అంది, అంతే. అన్నంత పనీ చేసే పిల్ల.

చేతులు చూసుకున్నాడు. వణుకుతున్నాయి. ఈ చేతుల్తో దాని ముందు ఎలా కూర్చోవడం? ఒక్క గుక్క పడితే నిలబడతాయి... తెల్లారేలోపు వచ్చి పడుకుంటే ఎవడికి తెలుస్తుంది? తాగేవాడి దగ్గర సాకులకి కరువా!

చెప్పులు చేత్తో పట్టుకుని లేచాడు. వరండా దాటాడు. వంటగది దాటాడు. వెనక గేటు ఓరగా తెరిచే ఉంది...

గల్... గల్... గల్...

ఆగిపోయాడు. గేటు పక్క బెంచీ మీద తలమీంచి దుప్పటి కప్పుకుని ఎవరో — ముడుచుకుని కూర్చుని ఉన్నారు.

“వచ్చావా...”

మెకానిక్ ధైర్యం ఎటు పోయిందో పోయింది. దెయ్యం కాళ్ళు వెనక్కి తిరిగుంటాయని చిన్నప్పుడు విన్న మాట ఒక్కటే గుర్తొచ్చింది. భయంభయంగా కిందకి చూశాడు. పాదాలు ముందుకే ఉన్నాయి. ఒకదానికి తెల్లటి కట్టు... పొద్దున వంటగదిలో మరిగే పాలు ఒలికితే సిస్టరు కట్టిన కట్టు!

“వంట పెద్దాయనా... మీరా?”

“మెల్లగా! దెయ్యం పరువు తియ్యకు. కూర్చో.”

భోజనాల దగ్గర అందరి మీదా కసురుకునే మనిషి. ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని స్టీలు గ్లాసులోకి టీ వంచుతున్నాడు. చెయ్యి వణికి గ్లాసు అంచు ఫ్లాస్కుకి తగులుతోంది... గల్... గల్...

“గజ్జెలు... ఇవా?”

“ఇవే. మానేసి ఏళ్ళయింది, వణుకు మాత్రం పోలేదు. నేనూ నీలాగే చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చా. అప్పుడిక్కడ ఒక టైలరు కూర్చునుండేవాడు.”

“ఆపడానికా?”

“ఆపేదెవరు? గేటు తీసే ఉందిగా. టీ తాగి వెళ్ళు.”

“వెళ్ళినవాళ్ళున్నారా?”

“ఉన్నారు.” పెద్దాయన గొంతు బాగా అలిసిపోయి ఉంది. “తిరిగొస్తారేమోనని తెల్లారేదాకా కూర్చుంటా.”

మెకానిక్‌కి ఏడుపాగలేదు. “రేపు నా కూతురొస్తోంది. ఈ చేతులు చూస్తే...”

“చూడనీ. నిలకడగా ఉన్నప్పుడు ఆ చేతులు ఎందుకు నిలకడగా ఉండేవో ఆ పిల్లకి తెలీదనుకున్నావా?”

మెకానిక్ గ్లాసు అందుకున్నాడు. టీ సగం ఒలికింది, సగం తాగాడు. చాలాసేపటికి లేచి, చెప్పులు తొడుక్కుని లోపలికి నడిచాడు.

“చూశావా,” అని వెనకనుంచి గొణిగాడు పెద్దాయన. “వెనక్కి తిరిగేవి దెయ్యం కాళ్ళు కాదు, దాన్ని చూసినవాడి కాళ్ళు.”

మర్నాడు కూతురు మంచినీళ్ళ గ్లాసు అందించింది. అతని చేతిలో అది గలగలా ఊగి చొక్కా తడిసింది. దాచుకోలేదు. ఆ పిల్ల కాసేపు చూసి, తన చేతులు అతని చేతుల మీద వేసి పట్టుకుంది. మళ్ళీ వస్తానంది. వెళ్ళేటప్పుడు మాత్రం ఏడ్చింది.

“రాత్రి మంచం మీద లేవేం?” అని పక్క మంచం ఆయన ఆరా తీశాడు.

మెకానిక్ లెంపలు వేసుకున్నాడు. “ఉంది బాబూ, దెయ్యం ఉంది. అటు పోకు.”

మెకానిక్ హోము వదిలి ఇంటికెళ్ళి చాలాకాలమైంది. షెడ్డు మళ్ళీ తెరిచాడు. అయినా పెద్దాయనకి ఒంట్లో బాగోలేదంటే ఆ రాత్రికి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. అలా కూర్చున్న ఒక రాత్రి... వంటగది అవతల అడుగుల చప్పుడు. ఎవరో చెప్పులు చేత్తో పట్టుకుని వస్తున్నారు.

దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. టీ వంచాడు. చప్పుడు లేదు. చేతులు ఎప్పుడో కుదురుకున్నాయి మరి!

గజ్జెలు లేని దెయ్యాన్ని ఎవడు నమ్ముతాడు? గ్లాసు తీసి, తనే మెల్లగా ఫ్లాస్కుకి తాకించాడు...

గల్... గల్...

“వచ్చావా...”