లాకు పై తలుపు

సోమవారం ఉదయం, ఒకప్పుడు పడవలు దాటించిన కాలువ లాకులో నీళ్ళు దిగేసరికి అడుగు బురదలో పిచ్చయ్య శవం బయటపడింది. తల వెనక ఇనుప దెబ్బ.

కాలువ ఒడ్డునున్న మిల్లులో ఆయన నలభై ఏళ్ళు గుమాస్తాగా చేశాడు. మిల్లుకు నూరేళ్ళు నిండుతున్నాయని దాని చరిత్ర రాస్తున్నాడు. శవాన్ని చూసి కేక పెట్టిన లాకు కాపలాదారు జక్రయ్యనే పోలీసులు పట్టుకుపోయారు. లాకు తూములు తిప్పే ఇనుప హాండిల్ నిండా రక్తం.

"మా నాయన్ని ఉరి తీస్తారా మేడం?" గుంటూరులో ప్రైవేట్ డిటెక్టివ్ బిందుమాధవి ముందు జక్రయ్య కూతురు దేవకుమారి చేతులు జోడించింది.

మధ్యాహ్నానికి బిందుమాధవి, సహాయకుడు పీరు దేవకుమారితో లాకు మీదున్నారు. పడవలు ఆగి ముప్పై ఏళ్ళయినా జక్రయ్య ప్రతి సోమవారం నీళ్ళు దించి తలుపులకు గ్రీజు రాసేవాడు. లాకు ఇంకా ఖాళీగానే ఉంది. ఎగువన కాలువ నిండుగా ఉంది. పీరు ఆ నీళ్ళను ఆపే పై తలుపు దూలానికి భుజం ఆనించి నెట్టాడు. కదల్లేదు.

"నువ్వే కాదు, పదిమంది నెట్టినా రాదన్నా," అంది దేవకుమారి. "ముందు తూముల్లోంచి లాకులోకి నీళ్ళొదలాలి. రెండువైపులా సమానమైతేనే కదిలేది."

మిల్లులో ఇప్పుడు కారం ఆడుతున్నారు. యజమాని ప్రేమ్‌చంద్ కిటికీ చూపించాడు.

"ఆదివారం సాయంత్రం ఇక్కణ్ణించే చూశానండీ. జక్రయ్య ఆయన్ని కొట్టి లాకులో పడేశాడు. వెంటనే పై తలుపు తోసేశాడు. నీళ్ళు దబ్బున మీద పడ్డాయి."

"అప్పటికి లాకులో నీళ్ళున్నాయా?" అడిగింది బిందుమాధవి.

"చుక్క లేవు."

"పిచ్చయ్యగారు ఆ రోజు మిల్లుకొచ్చారా?"

"రిటైరయ్యాక మా గడపే తొక్కలేదు."

పోలీస్ స్టేషన్‌లో బిందుమాధవి శవం మీది బట్టలు చూసింది. పంచె మడతల్లో తడిసి ముద్దయిన కారం.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ జక్రయ్యను లాకు దగ్గరికి తెచ్చాడు. ప్రేమ్‌చంద్‌నూ పిలిపించారు.

"ఆ పై తలుపు తోయండి," అంది బిందుమాధవి.

ప్రేమ్‌చంద్ తోశాడు. మెడ నరాలు ఉబ్బాయి. తలుపు కదల్లేదు.

"ఖాళీ లాకుకు పై తలుపు ఎవరూ తెరవలేరు. పడవల కాలంలో మీ తాతగారికి తెలుసు, లారీల కాలంలో పుట్టిన మీకు తెలీదు. నేరం లాకు మనిషి మీదికి తోయడానికి జరగనిది చూశానన్నారు. పంచెలో కారం ఉంది. దెబ్బ తగిలింది మీ మిల్లులోనే."

పీరు ఆరాధనగా ఆమె వైపు చూశాడు. ప్రేమ్‌చంద్ తలుపు మీదే కూలబడ్డాడు.

"చరిత్ర రాయమంది నేనే," అన్నాడు. "మిల్లు స్థలం జక్రయ్య తాతదని, మా తాత దౌర్జన్యంగా లాక్కున్నాడని పిచ్చయ్య రాసుకొచ్చాడు. ఆ పేజీ తీసెయ్యమని కాళ్ళు పట్టుకున్నా. 'నిజం బాబూ, ఎట్లా తీసేది?' అన్నాడు. జక్రయ్య మా మిల్లులో పెట్టుకునే హాండిల్‌తో ఒక్కటే దెబ్బ. మోసుకొచ్చి నీళ్ళలో వదిలేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడండీ. ఇంకా బతికే ఉన్నాడు. వేళ్ళు విడదీసి వదిలేశా."