కింది వరస నుంచి

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! అయినా ముద్రణాలయాన్ని కారుచీకటి కమ్మేసింది... ఫెళఫెళమంటూ పిడుగు పడింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది!

లోపల, సీసపు అక్షరాల అరల మధ్య, బల్ల మీది కపాలం ముందు కూర్చున్నాడు నిఘంటువు సారు. నలభై ఏళ్లుగా లాటిన్ నిఘంటువు కూరుస్తున్న మహాపండితుడు... పాడు బతుకు, ఆ పాండిత్యమంతా క్షుద్రవిద్యకే ధారపోశాడు! ఎదురుగా, తన దగ్గర అక్షరాలు పేర్చే పిల్లని కుర్చీకి కట్టేశాడు. ఆమె కనుగుడ్లు పైకి తేలిపోయాయి. ఆమె నోట్లోంచి ఎవడో ముసలాడు నవ్వుతున్నాడు!

"మా చెల్లిని వదిలేయండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను!" అంది ప్రూఫులు దిద్దే అక్క.

"ఏడుపాపి ఈ కాగితం పైకి చదువు. తోబుట్టువు గొంతైతేనే పని జరుగుతుంది. ఒక్క అక్షరం తప్పినా నీ చెల్లి నాలుక పీకేస్తా! ప్రూఫు చదివినట్టే చదువు."

కాగితం నిండా ఒకే మాట... లార్వా! జనానికి అది పురుగుపిల్ల. ప్రాచీన లాటిన్‌లో మాత్రం ప్రేతం, ముసుగు, అస్థిపంజరం! ఆ మాట విభక్తి రూపాలన్నీ వరసకొకటిగా రాసి ఉన్నాయి. ఒక్కో రూపానికీ ప్రేతం ఆ పిల్లలో ఇంకాస్త లోతుకి దిగుతుంది. ఆఖరి రూపంతో ఆమె ఆయుష్షు సారుకి దక్కుతుంది.

అక్క కళ్లు తుడుచుకుంది. అలవాటు కొద్దీ వేలు అట్టడుగు వరస మీద పెట్టింది. ప్రూఫుని ఎప్పుడూ కింది నుంచి పైకే చదువుతుంది. అలా అయితేనే తప్పు దాక్కోలేదు.

"లార్వీస్... లార్వారుమ్..."

ముసలి నవ్వు టక్కున ఆగిపోయింది. సారు కెవ్వుమన్నాడు!

"పైనుంచి చదవవే, దరిద్రపుదానా!"

అక్కకి అప్పుడు అర్థమైంది... కింది నుంచి చదివితే మంత్రం సారుకే తిరగబడుతుంది! గొంతు పెంచింది. "లార్వాస్..." సారు మోకాళ్లు విరిగాయి. "లార్వామ్..." ముఖచర్మం ముసుగులా ఊడి ఒళ్లో పడింది! అబ్బ, ఆ ఆర్తనాదం!

"అక్కా..." అంది చెల్లి నీరసంగా. ఆమె కళ్లు మామూలుగా ఉన్నాయి. బతికింది!

"ఆపు తల్లీ... నీ చెల్లి నీకు దక్కిందిగా..." సారు పాకుతూ వచ్చి కాళ్లు పట్టుకున్నాడు.

ఇంకా పై వరస ఒక్కటే మిగిలింది. అక్క ఆయన్ని తీరిగ్గా చూసింది.

"పని సగంలో వదిలితే చెంప పగలగొట్టేవారు కదా సార్?"

చదివింది.

ఇప్పుడు బల్ల దగ్గర రెండు కపాలాలున్నాయి. అక్క చెల్లి కట్లు విప్పింది. తర్వాత ఎర్రసిరా కలం తీసి, కాగితం అంచున 'తప్పుల్లేవు' అని రాసి సంతకం పెట్టింది.