చేతికివ్వని పెట్టె

గుంటూరులో ఆ ఆఫీసు బోర్డు మీద 'పత్తి గ్రేడింగ్ శిక్షణ కేంద్రం' అని ఉంటుంది. బోర్డు నమ్మి దూది పట్టుకొచ్చే రైతుల్ని మర్యాదగా తిప్పి పంపడానికే అక్కడ ఒక ప్యూన్ ఉన్నాడు. మేడ మీద గదిలో పత్తి ఉండదు. ఫైళ్లుంటాయి, ఆ ఫైళ్లకంటే పాతవాడైన చీఫ్ రాధాకృష్ణమూర్తి ఉంటాడు.

2006 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం ఆయన ఏజెంట్ నజీర్ ముందు ఖాళీ అగ్గిపెట్టె ఒకటి పెట్టాడు.

"ఇందులో ఏం పడుతుంది?"

"పుల్లలు సర్."

"రెండు జిల్లాల మిరప పంట పడుతుంది. కూర్చో."

విషయం ఇది. పొదిలి దగ్గర మెట్ట పొలంలో హయాత్ అనే రైతు పద్దెనిమిదేళ్లు తంటాలుపడి ఒక మిరప రకం తయారుచేశాడు. దానికి వాన లేకపోయినా ఫరవాలేదు, ఆకుముడత అంటదు. ఆ రకానికి తల్లి గింజలు లోకం మొత్తం మీద రెండువందల నలభై. శనివారం పట్టపగలు ఎవరో హయాత్ తల పగలగొట్టి వాటిని ఎత్తుకుపోయారు. ఆయన గుంటూరు ఆస్పత్రిలో పదహారు కుట్లతో పడుకుని, తన తల సంగతి వదిలేసి గింజల సంగతి అడుగుతున్నాడు.

"అవి దేశం దాటితే అక్కడ పేటెంట్ తీసుకుంటారు. ఆ తర్వాత మన మిరప విత్తనం కోసం మనమే వాళ్ల గుమ్మంలో నిలబడాలి" అన్నాడు చీఫ్.

"ఎవరు సర్?"

"హెన్రిక్. గ్రానైట్ కొంటానని ఆర్నెల్లుగా ఒంగోల్లో మకాం వేశాడు." చీఫ్ ఫోటో తోశాడు. ఫైల్లో అతని దేశం పేరు మీద నల్ల సిరా పూసి ఉంది. అది మనకి కూడా తెలియకూడదని పైవాళ్ల ఉద్దేశం. "నిన్న అతని ఫోన్ విన్నాం. 'పెళ్లికూతురు పుట్టిల్లు దాటింది, శుక్రవారం అప్పగింతలు' అన్నారు. శుక్రవారం ఒంగోల్లో అతని గ్రానైట్ వ్యాపారి కూతురి పెళ్లి. అదే సాయంత్రం అతనికి చెన్నైలో ఫ్లైట్. ఆ పెళ్లి కార్డులూ, రిటర్న్ గిఫ్టులూ చేస్తున్న లేజర్ షాపులో మన మనిషి ఉందిగా?"

"మహతి ఉంది సర్" అన్నాడు నజీర్, మామూలుగా అనబోయి. చెవులు ఎర్రబడ్డాయి. చీఫ్ ఫైలు చూస్తున్నట్టు నటించాడు.

మహతి, నజీర్ ఆరేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. వేటపాలెంలో ఒకసారి జీడిపప్పు గోడౌన్ తగలబడుతుంటే, తన చెయ్యి కాలుతున్నా నజీర్‌ని పట్టి బయటికి లాక్కొచ్చింది. ఆ మచ్చ ఆమె మోచేతి మీద ఇంకా ఉంది. నాలుగు నెలల కిందట డిజైనర్ వేషంలో ఆ షాపులో చేరింది.

మంగళవారం నజీర్ తలకి నూనె పట్టించి, చంకలో సంచితో చెల్లెలి పెళ్లి కార్డులకొచ్చిన అన్నయ్యలా షాపులోకి వెళ్లాడు.

"నెమలి డిజైన్ ఉందాండీ?"

"నెమళ్లు అయిపోయాయండీ. చిలకలున్నాయి."

"చిలకలుంటే జామకాయ కూడా వేస్తారా?"

"కొట్టిన జామకాయే వేస్తాం, రండి."

కోడ్ కుదిరింది. దాన్ని రాసింది చీఫే. ఆయనకి జామకాయలిష్టం.

లోపల గాజు మూత కింద ఎర్ర చుక్క ఒకటి దంతం రంగు అట్ట మీద పరిగెత్తుతోంది. దాని వెనకే సన్నటి పొగ. చుక్క ఆగాక మహతి మూతెత్తి కార్డు తీసి, అక్కడక్కడా అంటుకున్న ముక్కల్ని సూదితో రాల్చింది. రెండు తలుపుల్లా తెరుచుకునే జాలీ, జాలీ నిండా చిలకలు.

"గీతకీ గీతకీ మధ్య కనీసం మిల్లీమీటరు వదలాలి. అంతకంటే తగ్గిస్తే చిలక ముక్కు మాడిపోతుంది" అంది మామూలు గొంతుతో. వెంటనే గొంతు తగ్గించింది. "విను. ఈ కార్డుల్లో పదిహేడు రెండు పొరలవి. గింజలు ఆ పొరల మధ్య అంటిస్తారు. శుక్రవారం పొద్దున, జ్ఞాపకంగా దాచుకోమని విదేశంలో చుట్టాల పేరున గుంటూరు నుంచి కొరియర్‌లో వెళ్తాయి. మనవాళ్లని అక్కడ పెట్టమను."

నజీర్ గోడవారన పేర్చిన పెట్టెల వైపు చూశాడు. పల్చటి చెక్కతో, మూత మీద చిలకలు కోసిన మూడొందల బుల్లి పెట్టెలు. వాటిలో పసుపు, కుంకుమ, వక్కలు పెట్టి తాంబూలంతో పాటు చుట్టాలకిస్తారు.

"అవో?"

"అన్నీ నేనే విప్పి చూశాను. ఏమీ లేదు."

నజీర్ మళ్లీ అడగలేదు. మంటల్లోంచి లాగిన చేతిని ఎవడు అనుమానిస్తాడు?

బయల్దేరబోతుంటే ఆమె ఒక అట్టముక్క చేతిలో పెట్టింది. దాని మీద తీగల మధ్య రెండు పేర్లు కోసి ఉన్నాయి. నజీర్, మహతి.

"మెషీన్ వేడెక్కాలిగా, అందుకని వేశాను" అంది నవ్వుతూ. నజీర్ దాన్ని పర్సులో దాచుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ మెస్సులో భోంచేశారు. పెరుగన్నంలోకి వచ్చాక నజీర్ చెయ్యి చాపాడు. "ఆ చల్లమిరపకాయ ఇటివ్వు."

మహతి దాన్ని అతని విస్తరి అంచున పెట్టింది.

"చేతికిస్తే ఏం?"

"ఉప్పూ మిరపకాయా చేతికిస్తే ఇద్దరికీ గొడవలొస్తాయట. చిన్నప్పుడు అలా చేతికిచ్చినందుకు మా అమ్మమ్మ దుర్గాంబ వేళ్ల మీద కొట్టేది."

"ఏజెంటువై ఉండి ఇవన్నీ నమ్ముతావా?"

"నేను నమ్మను. నా చెయ్యి నమ్ముతుంది."

నజీర్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే, శుక్రవారం పనైపోగానే పెళ్లి సంగతి అడిగేయాలని అక్కడే నిశ్చయించుకున్నాడు. ఇంట్లో వాళ్లు ఏమంటారో తర్వాత చూసుకోవచ్చు.

శుక్రవారం పదిన్నరకి ముహూర్తం. నజీర్ ఫోటోగ్రాఫర్ వేషంలో కల్యాణమండపంలో తిరుగుతున్నాడు. మెడలోని కెమెరా ఆఫీసు వాళ్లు చేసిచ్చింది. పక్కనున్న డయల్ చివరిదాకా తిప్పి ఫ్లాష్ కొడితే ఎదుటివాడికి నాలుగు సెకన్లు తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. ట్రెయినింగులో నజీర్ దాన్ని తన ముఖం మీదికే కొట్టుకున్నాడని చీఫ్ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెబుతుంటాడు.

తలంబ్రాలు అవుతుండగా ఫోన్ వచ్చింది.

"దొరికాయి" అన్నాడు చీఫ్. "పదిహేడు కార్డులూ, వాటిలో గింజలూ. హయాత్‌కి చూపించమని ఆస్పత్రికి పంపాను. నువ్వు భోంచేసి రా."

నజీర్ గుండెల మీంచి బరువు దిగిపోయింది. కెమెరా ఎత్తి గుమ్మం వైపు తిప్పాడు. చిలకపచ్చ పట్టుచీరలో మహతి బల్ల దగ్గర నిలబడి వెళ్లేవాళ్లకి పెట్టెలు అందిస్తోంది. పెళ్లివారే సాయం అడిగారట. ఒక్కొక్కరికీ "తీసుకోండి" అంటూ రెండు చేతులతో చేతుల్లో పెడుతోంది. ముసలమ్మలకి, పిల్లలకి, డ్రైవర్లకి కూడా. నజీర్ లెన్సులోంచి అలా చూస్తూ ఉండిపోయాడు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాడు.

హెన్రిక్ వచ్చాడు. ఎవరో కట్టిన పట్టుపంచె జారిపోకుండా దాని మీద తోలు బెల్టు పెట్టుకున్నాడు. ఎవరో నేర్పినట్టు దోసిలి చాపాడు. మహతి వరస చివర్లోంచి ఒక పెట్టె తీసి, చాపిన ఆ చేతులు దాటించి, బల్ల మీద పెట్టింది.

హెన్రిక్ దాన్ని తీసుకుని నడిచాడు.

షట్టర్ మీద నజీర్ వేలు ఆగిపోయింది. శుభమా అని ఇచ్చే తాంబూలం పెట్టెని బల్ల మీద పెట్టి ఎవరిస్తారు? పొద్దుటినుంచి ఒక్కరికైనా అలా ఇచ్చిందా? అలిసిపోయిందేమో అనుకున్నాడు. వాడి మీద అసహ్యమేమో అనుకున్నాడు. ఇంకో సాకు కోసం వెతుకుతుండగా మళ్లీ ఫోన్ మోగింది.

"నజీర్, హయాత్ ఒక గింజ కొరికి చూసి నవ్వాడు. ఇవి మిర్చి యార్డులో ఊడ్చిన గింజలట. అసలువి అక్కడే, ఆ పెళ్లిలోనే ఉండుంటాయి. మహతితో చెప్పు, ఇద్దరూ కలిసి..."

"చెబుతాను సర్" అన్నాడు నజీర్. విస్తరి అంచున పెట్టిన చల్లమిరపకాయ గుర్తొచ్చింది.

బయట హెన్రిక్ కారు స్టార్టయింది. డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు.

"సార్, సార్. ఒక్క ఫోటో."

పెళ్లిలో మంత్రిగారి మాటైనా కాదనొచ్చు గాని ఫోటోగ్రాఫర్ మాట కాదనలేరు. హెన్రిక్ వాచీ చూసుకున్నాడు. పెళ్లికూతురి తండ్రే పరుగెత్తుకొచ్చి భుజాల మీద చేతులేసి అతన్ని వెనక్కి, మహతి బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు.

"పెట్టె ఒకసారి మేడమ్‌కివ్వండి సార్. మేడమ్, మీరు ఇస్తున్నట్టు నిలబడండి."

"ఇచ్చేశాను కదండీ" అంది మహతి.

"చేతికివ్వలేదండీ. ఫోటోకి చేతికివ్వాలి."

మహతి తలెత్తి అతన్ని చూసింది. ఆ చూపులోనే ఇద్దరికీ అంతా తెలిసిపోయింది. హెన్రిక్ తిరిగిచ్చిన పెట్టెని ఆమె గట్టిగా పట్టుకుంది. కెమెరా డయల్ మీద ఉన్న అతని బొటనవేలిని చూసి మహతి కళ్లు మూసుకుంది. అది ఏం కెమెరానో ఆమెకి తెలుసు.

ఫ్లాష్ పడింది.

హెన్రిక్ దోసిలి చాపుకునే గుడ్డివాడయ్యాడు. పెళ్లికూతురి తండ్రి కళ్లు నలుపుకుంటున్నాడు. మహతి మాత్రం కళ్లు తెరిచి చూస్తోంది. నజీర్ ఒక్క అంగలో వచ్చి ఆమె చేతిలోని పెట్టె పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఒక సెకను పోయింది. రెండో సెకను పోయింది. అరిస్తే గేటు దగ్గరున్న హెన్రిక్ మనుషులు వచ్చేస్తారు. మూడో సెకనులో వేళ్లు వదులయ్యాయి. ఆ పెట్టె ఆమె చేతిలోంచి అతని చేతిలోకి వచ్చింది. నజీర్ బల్ల మీది ఇంకో పెట్టె తీసి హెన్రిక్ దోసిట్లో పెట్టి, కెమెరా వెనక్కి వెళ్లిపోయాడు.

"థాంక్యూ సార్. ఆల్బమ్‌లో బ్రహ్మాండంగా వస్తారు."

హెన్రిక్ కళ్లు చికిలిస్తూ, మూడొందల మందికిచ్చిన పెట్టెనే భద్రంగా గుండెకి హత్తుకుని వెళ్లిపోయాడు. అతన్ని ఆపలేదు. సాయంత్రం చెన్నై ఎయిర్‌పోర్టులో ఇంకో ముగ్గురితో కలిసి కుంకుమ పొట్లం, నాలుగు వక్కలు ముందేసుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా నలుగురినీ పట్టుకున్నారు.

వంటశాల వెనక, కడిగిన గంగాళాల పక్కన, నజీర్ పెట్టె అడుగు గోటితో లేపాడు. కింద ఇంకో అడుగుంది. మధ్యలో పల్చటి కాగితంలో లేత పసుపు గింజలు.

"చెక్క అంచులు మాడిన వాసనకి మిరప ఘాటు తెలియదు. డిజైన్ బాగుంది" అన్నాడు.

మహతి అక్కడే నిలబడింది. పారిపోలేదు.

"ఎందుకు?"

"వేరే పేరు, వేరే ఊరు, వేరే బతుకు ఇస్తామన్నారు. ఆరేళ్లుగా మనకున్నవి కోడ్ పేర్లేగా నజీర్."

"నా పేరు నీకు తెలుసు. కోసిచ్చావు కూడా."

"అది నిజంగానే మెషీన్ వేడెక్కడానికి వేశాను."

నజీర్‌కి ఏడుపొచ్చింది. ఏజెంట్లకి రాకూడదంటారు, వచ్చింది. ముఖం తిప్పుకోలేదు.

"హయాత్ ఇంట్లో ఒంటరిగా ఎప్పుడుంటాడో చెప్పింది నువ్వేనా?"

"కొడతారని నాకు చెప్పలేదు."

"మరి ఇందాక ఎందుకు అరవలేదు?"

ఆమె మోచేతి మీది మచ్చ నిమురుకుంది. అప్పటికి నజీర్ ఫోన్ చేసి పిలిపించిన ఇద్దరు ఆడ పోలీసులు మఫ్టీలో వచ్చి చెరోపక్కా నిలబడ్డారు. ఆ ప్రశ్నకి ఆమె ఆ రోజూ, విచారణలోనూ జవాబివ్వలేదు. ప్రేమతో ఊరుకుందో, ఎటూ దొరికిపోయానని ఊరుకుందో నజీర్‌కి తెలియదు. పేర్లు కోసిన అట్టముక్కని మాత్రం అతనే సాక్ష్యాల కవర్లో వేశాడు.

గుంటూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు. నజీర్ ఒక్కసారి కూడా కిటికీలోంచి చూడలేదు.

ఆస్పత్రిలో హయాత్ తలకట్టుతో లేచి కూర్చున్నాడు.

"ఏరా నాయనా, తెచ్చావా?" అంటూ అరచెయ్యి చాపాడు.

నజీర్ జేబులోంచి చిలకల పెట్టె తీశాడు. ఆ చేతి దాకా తీసుకెళ్లి ఆగి, మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు.

"అందట్లేదురా. చేతికియ్యి."

"వద్దు చాచా" అన్నాడు నజీర్, స్టూలు ఆయన దగ్గరికి జరుపుతూ. "ఇందాకే ఒకసారి చేతికి తీసుకున్నాను. ఈ జన్మకి ఆ గొడవ చాలు."